గ్రాంబ్లింగ్‌కి పొగడ్తలు చాలు, డబ్బులివ్వండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దగ్గరపడేసరికి మన తెలుగు పత్రికల్లోనూ ఈమధ్య ఆ ఆట కబుర్లు కనిపిస్తున్నాయి. అమెరికాలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కాబట్టి సంతోషమే. నల్లజాతి ఆటగాళ్ళ గురించి రాసేటప్పుడు తరచుగా డగ్ విలియమ్స్ పేరు వస్తుంది. 1988 జనవరి 31న వాషింగ్టన్ జట్టును గెలిపించి, సూపర్ బౌల్ నెగ్గిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరి జట్టు దాడిని నడిపించే ఆటగాడు) అయ్యాడు. డెన్వర్ మీద 42-10. ఆట నాలుగు భాగాల్లో (క్వార్టర్లు) రెండోదాంట్లోనే నాలుగు టచ్‌డౌన్ పాసులు, అంటే గోల్ గీత దాటి పాయింట్లు తెచ్చిన విసుర్లు. అంతా నిజమే. కానీ 'కష్టాలకు ఎదురీది' అన్న ముక్కతో కథ ముగించేస్తారు. ఆ కష్టాలు ఎవరు పెట్టారో, అతను ఏ కాలేజీ నుంచి వచ్చాడో ఉండదు.

అతనిది ఉత్తర లూసియానాలోని గ్రాంబ్లింగ్ కాలేజీ, ఇప్పటి గ్రాంబ్లింగ్ స్టేట్ యూనివర్సిటీ. తమ పిల్లలకు బడి కావాలని అక్కడి నల్లజాతి రైతులు పూనుకుంటే 1901లో పుట్టిన సంస్థ. 1941లో ఎడ్డీ రాబిన్సన్ అనే 22 ఏళ్ళ కుర్రాడు అక్కడ ఫుట్‌బాల్ కోచ్‌గా చేరాడు. అంతకుముందు బాటన్ రూజ్‌లో దాణా మిల్లులో గంటకు పాతిక సెంట్లకి పనిచేసేవాడు. కాలేజీ ఇచ్చిన జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు. దానికి ఆయన చేసిన పని చూడండి: మైదానంలో గడ్డి కోయడం, గీతలు గీయడం, ఆటగాళ్ళ చీలమండలకు పట్టీలు వేయడం, ఆట అయ్యాక పత్రికలకు రిపోర్టు రాసి పంపడం. బయటి ఊళ్ళో మ్యాచ్ ఉంటే బస్సెక్కేముందు శాండ్‌విచ్‌లు కూడా తనే కట్టేవాడు. దారిలో తెల్లవాళ్ళ హోటళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళకు తిండి పెట్టేవారు కాదు మరి. పత్తి తీతల రోజుల్లో ఒక తండ్రి తన కొడుకుల్ని ఆట మాన్పిస్తే, కోచ్ జట్టు మొత్తాన్నీ ఆ చేలోకి తీసుకెళ్ళి పత్తి తీయించి, కుర్రాళ్ళను వెనక్కి తెచ్చుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో ఏడాది, 1942లో, ఆ జట్టు తొమ్మిదికి తొమ్మిది ఆటలూ గెలిచింది. ఎదుటివాళ్ళకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. రాబిన్సన్ 1997 దాకా అదే కాలేజీలో ఉండి 408 విజయాలతో రిటైరయ్యాడు. 1949లో ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ లాస్ ఏంజెలెస్ రామ్స్‌లో చేరి, నల్లజాతి కాలేజీ నుంచి అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిన మొదటివాడయ్యాడు. ఆ తర్వాత ఆయన దగ్గర నుంచి ప్రొఫెషనల్ జట్లకు వెళ్ళినవాళ్ళు రెండు వందలకు పైనే. నల్లవాళ్ళు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరారు, ఆ స్థానానికి కావలసిన బుర్ర వాళ్ళకు లేదు అని ప్రొఫెషనల్ జట్లు నమ్మిన రోజుల్లో, ఆ స్థానానికే ఆటగాళ్ళను తయారుచేశాడు. 1969లో బఫెలో తరఫున సీజన్ మొదటి ఆటలోనే క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన జేమ్స్ హ్యారిస్ గ్రాంబ్లింగ్‌వాడే. విలియమ్స్ అతని తర్వాతి తరం. (1967లో మొట్టమొదటి సూపర్ బౌల్ విరామంలో వాయించిన బ్యాండ్లలో ఒకటి కూడా గ్రాంబ్లింగ్‌దే. ఈ సంగతి ఎందుకో ఎవరూ రాయరు.)

తర్వాత దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు నల్లజాతి విద్యార్థులకు తలుపులు తెరిచాయి. తెరవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తెరిచింది ఆటగాళ్ళు వెళ్ళడానికే. డబ్బు మాత్రం ఇటు రాలేదు. అప్పటిదాకా గ్రాంబ్లింగ్, జాక్సన్ స్టేట్, ఫ్లోరిడా ఎ అండ్ ఎం లాంటి నల్లజాతి కాలేజీలకు వచ్చే మెరికల్లాంటి కుర్రాళ్ళను పెద్ద స్టేడియాలు, టీవీ కాంట్రాక్టులు ఉన్నవాళ్ళు ఎగరేసుకుపోయారు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం 2013. ఆ అక్టోబర్ 19న జాక్సన్ స్టేట్‌తో ఆడాల్సిన మ్యాచ్‌కి గ్రాంబ్లింగ్ ఆటగాళ్ళు బస్సెక్కలేదు. ఆడకుండానే ఆట చేజారింది. వాళ్ళ కోపానికి కారణాలు: ట్రైనింగ్ గదుల్లో బూజు, ఇండియానాపొలిస్ దాకా గంటల తరబడి బస్సు ప్రయాణాలు, వాటికి తోడు సీజన్ మధ్యలో కోచ్‌ను తీసేయడం. ఆ కోచ్ ఎవరనుకున్నారు? డగ్ విలియమ్సే. అంతకుముందు అయిదారేళ్ళలో లూసియానా ప్రభుత్వం ఆ యూనివర్సిటీకి ఇచ్చే నిధులు సగానికి పైగా కోసేసింది. ఆ కుర్రాళ్ళకు క్రమశిక్షణ లేదని, రాబిన్సన్ ఉంటే ఇలా జరిగేదా అని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ జట్టు చరిత్రలో 1942 ఎంత ముఖ్యమో 2013 కూడా అంత ముఖ్యమే అనిపిస్తుంది. శాండ్‌విచ్‌లు కట్టుకుని వెళ్ళినవాళ్ళను ఆహా అన్నాం. డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా అలాగే సర్దుకోమంటే మేం సర్దుకోం అన్న కుర్రాళ్ళను తప్పు పట్టాం. 'లేమిలోనూ సాధించారు' అని పొగిడే కొద్దీ బడ్జెట్ రాసేవాడి పని సులువవుతుంది. సంక్షేమ హాస్టల్ పిల్లకి ర్యాంకొస్తే ఫొటో వేసి, హాస్టల్ పైకప్పు సంగతి వదిలేసే మన అలవాటు లాంటిదే ఇదీ.

ఇది ఒక్క కాలేజీ గోల కాదు. 1890 చట్టం కింద ఏర్పడిన నల్లజాతి లాండ్ గ్రాంట్ యూనివర్సిటీలకు (వ్యవసాయ, సాంకేతిక విద్య కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థలకు) మూడు దశాబ్దాల్లో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారని 2023లో అమెరికా కేంద్ర ప్రభుత్వ విద్య, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాశారు. గ్రాంబ్లింగ్ ఆ కోవలోకి రాదు, దాని లెక్క వేరు. కానీ అదే రాష్ట్రంలోని సదరన్ యూనివర్సిటీ, మా టెక్సాస్‌లోని ప్రెయిరీ వ్యూ యూనివర్సిటీ వస్తాయి.

మేముండే డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇక్కడి కాటన్ బౌల్ స్టేడియంలో స్టేట్ ఫెయిర్ సందడిలో గ్రాంబ్లింగ్, ప్రెయిరీ వ్యూ తలపడే మ్యాచ్ గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క ముక్క కనిపించదు. ఇక్కడి ప్రొఫెషనల్ జట్టు కౌబాయ్స్ టికెట్ల గురించి మాత్రం రోజూ చర్చే. పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్ళండి, విరామంలో బ్యాండ్ల కోసమైనా. అంతకంటే ముఖ్యంగా, టెక్సాస్‌లోనూ లూసియానాలోనూ ఓటున్న మనవాళ్ళు పెద్ద యూనివర్సిటీల ఫీజుల గురించి రాష్ట్ర శాసనసభ్యులను ఎలా నిలదీస్తున్నారో, ఈ కాలేజీలకు ఈ ఏడాది ఎంత కేటాయించారని కూడా అలాగే అడగాలి. మీ పత్రిక అమెరికా పేజీలో ఆ కేటాయింపుల లెక్కలు వేస్తే, అడగడానికి మా చేతిలో ఒక కాగితం ఉంటుంది.

— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్