డీవీఆర్ మొరాయిస్తే ముందు అడాప్టర్ సంగతి చూడు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. డీవీఆర్, అంటే నీ సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె, దానంతటదే ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోందనీ, రాత్రిళ్లు రికార్డింగ్‌లో ఖాళీలు వస్తున్నాయనీ, డిస్క్ ఎర్రర్ అంటూ బీప్ కొడుతోందనీ రాశావు. హార్డ్ డిస్క్ పోయిందని తేల్చేసుకున్నట్టున్నావు. పోయుండొచ్చు, కాదనను. కానీ కొత్త డిస్క్ కొనేయకు. నాకైతే అనుమానం ఆ నల్లటి అడాప్టర్ మీద.

ఎందుకంటావా? 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల లైన్ నుంచి ఒకటిన్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, కొన్ని ఇంకా ఎక్కువే. అడాప్టర్ ఏళ్ల తరబడి వేడెక్కి వేడెక్కి, లోపలి కెపాసిటర్లు (కరెంటుని కాస్త దాచుకుని నిలకడగా ఇచ్చే భాగాలు) ఎండిపోయి ఉంటే ఆ ఒక్క గుంజుకి వోల్టేజి కూలబడుతుంది. డిస్క్ ఆగుతుంది, డీవీఆర్ మళ్లీ మొదటికొస్తుంది. పైగా నీ ఖాళీలు రాత్రిపూటే అంటున్నావు చూడు, అది గట్టి ఆధారం. చీకటి పడగానే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ తీసుకుంటాయి. ఒకే అడాప్టర్‌కి స్ప్లిటర్ పెట్టి డీవీఆర్‌నీ కెమెరాలనీ కలిపి నడుపుతున్నావా? అయితే ముందు విడదీయి.

అన్నిటికన్నా ముందు, కావలసిన ఫుటేజ్ ఏదైనా ఉంటే ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసేయి. పెన్‌డ్రైవ్‌ని ఎఫ్ఏటీ32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టు, చాలా డీవీఆర్‌లు వేరే పద్ధతుల్ని గుర్తించవు.

ఇక పరీక్ష. అడాప్టర్‌ని విడిగా మల్టీమీటర్‌తో చూస్తే నిక్షేపంగా 12 చూపిస్తుంది, నమ్మకు. లోడ్ మీద, అంటే డీవీఆర్ నడుస్తుండగా చూడాలి. మూత తీసి, డిస్క్‌కి వెళ్లే పవర్ కనెక్టర్ వెనక ప్రోబ్ ఆనించు. సాధారణంగా పసుపు తీగ 12, ఎరుపు 5, నలుపు గ్రౌండ్. ప్రోబ్ జారి రెండు పిన్నులకీ తగిలిందంటే బోర్డే పోతుంది, చెయ్యి వణక్కుండా చూసుకో. డీవీఆర్ ఆన్ చేసి, డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడు అంకె మీదే కన్నుంచు. 12 కాస్తా 11.4 కంటే కిందికి జారితే దోషి అడాప్టరే. 12 నిలకడగా ఉండి 5 మాత్రం 4.75 కిందికి పోతోందంటే తప్పు బోర్డు మీద. పవర్ జాక్ దగ్గర పైభాగం ఉబ్బిన కెపాసిటర్ ఏదైనా కనపడుతుందేమో చూడు. మార్చాల్సి వస్తే అదే మైక్రోఫారడ్, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం వేయించు. నెగటివ్ గీత ఉన్న వైపు తిరగబడకూడదు.

ఒక హెచ్చరిక: అడాప్టర్ లేకుండా గోడ ప్లగ్ నుంచి నేరుగా తీగ వెళ్లే మోడలైతే మూత జోలికి పోకు. ప్లగ్ పీకేసినా లోపల పెద్ద కెపాసిటర్‌లో ఛార్జి నిలిచే ఉంటుంది.

కొత్త అడాప్టర్ తీసుకుంటే వోల్టేజి 12 దాటకూడదు, తగ్గకూడదు. ఆంపియర్లు మాత్రం పాతదానికన్నా ఎక్కువున్నా నష్టం లేదు. పిన్ను సైజు, మధ్యలో ప్లస్ ఉందా లేదా, రెండూ సరిచూసుకో.

వోల్టేజీలు రెండూ బాగానే ఉన్నాయనుకో. డిస్క్ తీగలు రెండూ పీకేసి డీవీఆర్‌ని ఒక పూటంతా ఉత్తినే నడిపించు. లైవ్ ఆగకుండా వస్తుంటే బోర్డు మంచిదే. అప్పుడు డిస్క్‌ని బోర్డుకి కలిపే డేటా తీగ, అదే సాటా కేబుల్, మార్చి చూడు. చవకది, పైగా పాతబడితే వదులైపోతుంది. అదీ కాకపోతే డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడు. అక్కడ విండోస్ ‘ఇనిషియలైజ్ చేయనా’ అని అడుగుతుంది, పొరపాటున కూడా సరే అనకు, రికార్డింగులు గల్లంతవుతాయి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిపోయి పక్కన పెట్టినవి, చెడ్డాయేమోనని అనుమానమున్నవి) దగ్గర సున్నా కాకుండా అంకె ఉండి, అది పెరుగుతూ పోతోందంటే ఆ డిస్క్‌కి రోజులు దగ్గరపడ్డాయి. సీఆర్‌సీ ఎర్రర్లు (తీగ మీద డేటా పోయేటప్పుడు దొర్లే తప్పులు) మాత్రమే పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది.

డిస్కే పోయిందని తేలితే మామూలు కంప్యూటర్ డిస్క్ వద్దు. రోజంతా రాసుకుంటూ పోవడానికి చేసిన పర్పుల్, స్కైహాక్ లాంటివి తీసుకో. సైజుకి లెక్క ఇది: కెమెరాకి బిట్‌రేట్ 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్ల డేటా) పెడితే రోజుకి దాదాపు 21.6 జీబీ. నాలుగు కెమెరాలంటే 86 జీబీ పైమాటే, అంటే 1 టీబీకి 11 రోజులు. డీవీఆర్ ఎంత సైజు దాకా ఒప్పుకుంటుందో చూసుకుని కొను. బిగించాక మెనూలో ఫార్మాట్ చేసి, ఓవర్‌రైట్ (నిండాక పాతవాటి మీదే రాసుకోవడం) ఆన్‌లో ఉందో లేదో చూడు. అది ఆఫ్‌లో ఉంటే డిస్క్ నిండిన రోజే రికార్డింగ్ ఆగిపోతుంది.

మూత ఎలాగూ తీస్తున్నావు కాబట్టి ఫ్యానుకి పట్టిన దుమ్ము దులుపు, తిరుగుతోందో లేదో చూడు. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, అదే సీఆర్2032, 3 వోల్టులకి బాగా తక్కువ చూపిస్తే మార్చేయి. అది పోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోయి, నిన్నటి రికార్డింగ్ ఏ పాత సంవత్సరంలోనో దాక్కుంటుంది. నువ్వు ఖాళీలంటున్నవాటిలో కొన్ని అవే కావచ్చు, ఓసారి పాత తేదీల్లో కూడా వెతుకు.

డిస్క్ మొదలయ్యేటప్పుడు ఆ పసుపు తీగ మీద అంకె ఎంతకి పడిందో నాకు రాయి. మిగతాది దాన్నిబట్టి చెబుతాను.

నీ
సుబ్బు