చివరి పది నిమిషాల నీతిని చూసి మెచ్చుకోవద్దు సార్

ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, మాది నెల్లూరు జిల్లా కావలి. సినిమా పిచ్చోళ్ళమే, కాబట్టి సినిమాలు ఆపేయమని రాసే లెటర్ కాదు ఇది.

నా గోలంతా మెసేజ్ సినిమాల గురించి. రెండు గంటల పాటు హీరో బాటిల్ ఎత్తని సీన్ ఉండదు, తాగితేనే కామెడీ, తాగితేనే ధైర్యం, తాగితేనే స్టెప్పులు, బార్లో ఒక పాట, ఆ పాటే రిలీజ్‌కి ముందు నుంచీ పిల్లోళ్ళ ఫోన్లలో మోగిపోతా ఉంటది, కింద మూల మాత్రం మద్యపానం హానికరం అని చిన్న తెల్లక్షరాలు. క్లైమాక్స్‌లో అదే హీరో మైక్ పట్టుకుని తాగుడు వల్ల ఎన్ని కొంపలు కూలినయో చెప్పి ఏడిపిస్తాడు. హాల్లో ఈలలు దేనికి పడినయో ఒకసారి విని చూడండి సార్.

ఆడపిల్లల్ని గౌరవించాలనే సినిమాలూ ఇంతే. ఇంటర్వెల్ దాకా అమ్మాయి వద్దంటున్నా బస్టాండ్ దగ్గర కాపు కాసి వెంటపడటమే లవ్ ట్రాక్, ఆ తర్వాత విలన్ అదే పని చేస్తే మనోడు వాణ్ణి చితక్కొట్టి స్పీచ్ ఇస్తాడు. ఇద్దరికీ తేడా ఏందో నాకైతే అర్థం కాలా.

మంచి మాట చెప్తే జనం వినరని కాదు. మాకు దగ్గర్లోనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. అక్కడ రాత్రి బడికి పోయిన ఆడోళ్ళు వాచకంలో సీతమ్మ కథ అని తాగుడు మీద ఉన్న చిన్న పాఠం చదువుకుని సారా అంగడి మీదకి పోయారు, వాళ్ళని ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1992లో ఉద్యమం జిల్లా మొత్తం పాకి సారా వేలంపాటలే జరగనీలేదు. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995లో ఏకంగా మద్యనిషేధం. (1997లో ఎత్తేశారు, ఇప్పుడు షాపులకి లైసెన్సులు ఎవరిస్తా ఉన్నారో మీకే బాగా తెలుసు, అది ఇంకో లెటర్.) ఆ సీతమ్మ పాఠంలో ఐటెం సాంగ్ లేదు సార్.

సెన్సార్ మీ చేతిలో లేదు, కేంద్రానిది, తెలుసు. 2023లో చట్టం మార్చి, పిల్లలు పెద్దోళ్ళ సలహాతో చూడాలనే యూఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళుగా విడగొట్టారు, మంచిదే గానీ అది తల్లిదండ్రులకి చెప్పే సలహానే, చంకలో పిల్లోడితో వచ్చినోళ్ళని గేటు దగ్గర ఎవరూ ఆపరు. మీ చేతిలో ఉన్నది టికెట్ రేట్లు పెంచే జీవోలు, అవార్డులు, ఇంకా మీ నోటి మాట. ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కి పోయి సమాజానికి మంచి మెసేజ్ అని పొగిడే ముందు సినిమా మొత్తం వేయించుకుని చూడండి, ట్రైలర్ చూసి కాదు.

నంది అవార్డులు 2017లో మూడేళ్ళవి ఒకేసారి ప్రకటించినాక ఆగిపోయినయి కదా. మళ్ళీ ఇచ్చేటప్పుడు జ్యూరీలో దూబగుంట వైపు ఆడోళ్ళని ఇద్దర్ని కూర్చోబెట్టండి. స్క్రీన్‌ప్లే గురించి వాళ్ళేం మాట్లాడకపోవచ్చు, ఏ సినిమా తాగుడుని ముద్దు చేస్తా ఉందో మాత్రం ఇంటర్వెల్ లోపే చెప్పేస్తారు. బస్సు ఛార్జీలు ఇప్పించండి చాలు.

ఇట్లు,
కావలి నుంచి ఒక ప్రేక్షకుడు