మంత్రిగారూ, బోర్డులు అందాయి. కేబుళ్ల సంగతేమిటి?

గౌరవనీయులైన విద్యా, సాంస్కృతిక శాఖల మంత్రిగారికి నమస్కారాలు.

మ్యూజియాల్లో బడిపిల్లల కోడింగ్ వర్క్‌షాపుల గురించి మేం ఇచ్చిన వినతిపత్రాలు మీ పేషీలో ఏ బీరువాలో ఉన్నాయో తెలియదు. అందుకే ఈసారి బహిరంగంగా రాస్తున్నాం. పిల్లలు మ్యూజియంలో ఒక వస్తువును ఎంచుకుని, దాని గురించి చెప్పాల్సింది చిన్న కంప్యూటర్ బోర్డుతో పలికించే ఈ పథకం మీరు ప్రారంభించిందే కాబట్టి మిగతా వివరాలు మళ్లీ చెప్పం.

మైక్రోబిట్ బోర్డులు, అంటే పిల్లలు ప్రోగ్రామ్ రాసి నడిపే ఆ చిన్న కంప్యూటర్ బోర్డులు పంపారు, సంతోషం. వాటిలోకి ప్రోగ్రామ్ ఎక్కాలంటే డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్ కావాలి. పెట్టెల్లో వచ్చినవి చాలావరకు ఛార్జింగ్ కేబుళ్లు. వాటిలో కరెంటు తీగలే తప్ప డేటా తీగలుండవు. గుచ్చగానే బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం మైక్రోబిట్ డ్రైవ్ కనబడదు. లైటు వెలిగింది కదా అని పిల్లలు తమ ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. తప్పు జరిగింది టెండర్లో అని వాళ్లకెలా తెలుస్తుంది?

సరే, మంచి కేబుళ్లు మేమే తెచ్చుకున్నామనుకోండి. భద్రత పేరుతో లాప్‌టాప్‌లలో యూఎస్‌బీ డ్రైవ్‌లు మూసేశారు, కాబట్టి హెక్స్ ఫైలును, అంటే బోర్డుకు అర్థమయ్యే రూపంలోకి మారిన ప్రోగ్రామ్‌ను, బోర్డులోకి కాపీ చేయడం కుదరదు. బ్రౌజర్ నుంచి నేరుగా పంపుకోవచ్చుగా అని మీ అధికారులు సెలవిచ్చారు. పంపుకోవచ్చు, క్రోమో ఎడ్జో ఉంటే. ఈ లాప్‌టాప్‌లలో ఉన్నది ఫైర్‌ఫాక్స్ ఒక్కటే, దానికి వెబ్‌యూఎస్‌బీ, అంటే బ్రౌజర్ నుంచి యూఎస్‌బీ పరికరంతో నేరుగా మాట్లాడే పద్ధతి, రాదు. వేరే బ్రౌజర్ వేసుకుందామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఏ విభాగం దగ్గరుందని అడిగితే ప్రతి విభాగమూ పక్క విభాగాన్ని చూపిస్తుంది. పిల్లలు బ్లాకులు పేర్చి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్‌కు ఇంటర్నెట్ అక్కర్లేని యాప్ ఉంది, దాన్నయినా ముందే ఎక్కించి పంపమన్నాం. అదీ లేదు. మందపాటి గోడల గ్యాలరీల్లో వైఫై ఎంత అందుతుందో తమరే ఒకసారి ఫోను తీసి చూడండి.

ఇదంతా 45 నిమిషాల్లో జరగాలి, ఎందుకంటే మీ పట్టికలో అంతే రాసి ఉంది. అసలు పని ఎంతుందో చెబుతాం. పిల్లలు ఒక వస్తువును ఎంచుకుని, తీరిగ్గా చూసి, బొమ్మ గీసి, దాని గురించి ఏం చెప్పాలో తేల్చుకోవాలి. ఆ తర్వాత అట్టమీద రెండు రాగి టేపు పట్టీలు అంటించి, ఒకదానికి బోర్డు అంచున ఉండే పిన్ 0 నుంచీ రెండోదానికి జీఎన్‌డీ (గ్రౌండ్) పిన్ నుంచీ క్లిప్పు తగిలించాలి. వేలు రెండింటినీ తాకితే వలయం పూర్తయి బోర్డు పలుకుతుంది. చెప్పినంత సులువుగా ఏదీ పలకదు. చాలా టేపుల్లో జిగురు వైపు కరెంటు సరిగా పారదు. మలుపు దగ్గర కత్తిరించి ముక్క మీద ముక్క అంటిస్తే అక్కడే తెగిపోతుంది, కత్తిరించకుండా మడవాలి. చెయ్యి మరీ పొడిగా ఉంటే స్పర్శ అందదు. క్లిప్పులు ఒకదానికొకటి తగిలితే ఎవరూ తాకకుండానే మోగుతుంది. సర్వో మోటారును (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) బోర్డు 3 వోల్టుల పిన్ మీదే నడపబోతే అది కరెంటు లాగేసి బోర్డు మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. మోటారుకు వేరే బ్యాటరీ పెట్టి, దాని గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌తో కలపాలి. ఈ తప్పులు పిల్లలు తామే పట్టుకుని సరిచేసుకోవడానికే వర్క్‌షాప్ పెట్టింది. ఆ సమయాన్ని కేబుళ్లూ పాస్‌వర్డూ తినేస్తున్నాయి. పూర్తి పూట కావాలని అడిగితే, మధ్యాహ్నం ఇంకో బడి వస్తుంది అన్నారు. మీ నెలవారీ నివేదికలో హాజరుకు గడి ఉంది, ఫొటోకు గడి ఉంది. పిల్లలు చేసింది పనిచేసిందా అన్న గడి లేదు.

అన్నట్టు, ఏఏఏ బ్యాటరీలు ఖర్చని, బిళ్ల సెల్స్ వాడమని ఒక సలహా వచ్చింది. అవి మింగితే అన్నవాహిక కాలిపోతుందని, ప్రాణానికే ముప్పని సలహా ఇచ్చినవారికి దయచేసి చెప్పండి.

అయ్యా, కొత్త బోర్డులు వద్దు. ఉన్నవాటికి డేటా కేబుళ్లు, బ్యాటరీలు, టేపు ఇప్పించండి. లాప్‌టాప్‌లు తెరిపించండి. ఒక్కో బడికి పూర్తి పూట ఇవ్వండి. నేర్పేవాళ్ల ఆగిపోయిన గౌరవ వేతనం సంగతీ కాస్త చూడండి. ప్రారంభోత్సవానికి మళ్లీ వచ్చేటప్పుడు పది నిమిషాలు మీరే ఒక లాప్‌టాప్ ముందు కూర్చుని బోర్డులోకి ఒక్క ప్రోగ్రామ్ ఎక్కించి చూడండి. కేబుల్ మాత్రం మీ వాళ్లు పంపిన పెట్టెలోదే ఇస్తాం.

ఇట్లు,
మ్యూజియం వర్క్‌షాపుల శిక్షకులు