గూడబాతు అని రాస్తే పిల్లలు ఆగి చూస్తారు

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో ఇరవై ఏళ్లుగా బోర్డులు రాస్తూ, ఇప్పుడు ఫ్లెక్సీలు కూడా వేస్తూ బతుకుతున్నవాణ్ని. బోర్డు ఎక్కడ కనిపించినా ఆగి చదవడం అలవాటైపోయింది. ఈ ఉత్తరం కూడా బోర్డుల గురించే, జూల్లో జంతువుల పేర్లు రాసే బోర్డుల గురించి.

ఈ వేసవి సెలవుల్లో మా అమ్మనూ, మూడో తరగతి చదివే మా పాపనూ వెంటబెట్టుకుని ఒక జూకు వెళ్లాను. గేటు దాటామో లేదో, "నాన్నా, చెత్త పాండా ఎక్కడుంటుంది?" అని పాప మొదలుపెట్టింది. రకూన్‌ని ఇంగ్లీషులో సరదాగా ట్రాష్ పాండా అంటారు. రాత్రిపూట చెత్తడబ్బాల మూతలు తీసి తింటుంది, కళ్ల చుట్టూ పాండాకున్నట్టే నల్లమచ్చ ఉంటుంది, అందుకని ఆ పేరు. ఫోన్‌లో వీడియోలు చూసి, మా పాప దాన్ని తనే తెలుగులోకి మార్చుకుంది. అది అమెరికా జంతువమ్మా, ఇక్కడుండదు అన్నాను. పాండా అయినా ఉందా అంది. నలుపూ తెలుపూ ఉండే పెద్ద పాండా మన దేశంలో ఏ జూలోనూ లేదు. ఎర్ర పాండాని చూడాలంటే డార్జిలింగ్ లాంటి చోట్లకు పోవాలి. డార్జిలింగ్ జూకి మన సరోజినీ నాయుడు గారి కూతురు పద్మజా నాయుడు గారి పేరు పెట్టారు. ఎర్ర పాండాల సంతతి పెంచడంలో దానికి మంచి పేరుంది.

పాప ముఖం చిన్నబోయింది. సరిగ్గా అప్పుడే ఒక బోను పక్కగా నడుస్తున్నాం. బోర్డు మీద "స్మాల్ ఇండియన్ సివెట్" అని తెలుగు అక్షరాల్లో రాశారు. కింద నాలుగు వరుసలు ఇంగ్లీషు, సగం ఎండకు వెలిసిపోయింది. పాప అటు తలైనా తిప్పలేదు. మా అమ్మ ఆగి, కళ్లద్దాలు సర్దుకుని లోపలికి చూసి, "ఇది పునుగుపిల్లి కదరా" అంది. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసే పునుగు దీనిదేనే తల్లీ అని మనవరాలికి చెప్పింది. పాప వెనక్కి వచ్చి తీగల వల పట్టుకుని నిలబడిపోయింది. పక్కన పోతున్న రెండు కుటుంబాల వాళ్లు కూడా ఆగారు. ఒకాయన చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. బోర్డు చేయలేని పని ఒక్క పేరు చేసింది. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

ఇంటికొచ్చాక ఈ పేర్ల సంగతి పట్టుకుని చదివాను. రకూన్ అన్న మాట అమెరికాలోని పౌహాటన్ అనే ఆదివాసుల భాషలోంచి వచ్చింది. చేతులతో గోకేది, రుద్దేది అని అర్థం. జర్మన్లు దాన్ని కడుక్కునే ఎలుగు అంటారు. తిండిని నీళ్లలో ముంచి తడుముతుంది కాబట్టి. అది శుభ్రం కోసం కడగడం కాదట, తడిచేతికి స్పర్శ బాగా తెలుస్తుందట. చైనావాళ్లు పెద్ద పాండాని ఎలుగుపిల్లి అంటారు. నిజానికి అది ఎలుగుబంటి జాతిదే. పాండా అన్న పేరు ముందు దక్కింది మాత్రం ఎర్ర పాండాకి. దాన్ని శాస్త్రజ్ఞులు 1825లో నమోదు చేశారు, పెద్దదాన్ని 1869లో. ఆ ఎర్ర పాండాకి పెద్ద పాండా కంటే రకూనే దగ్గరి చుట్టం. అంటే మా పాప నోట వచ్చిన చెత్త పాండా మరీ తప్పేం కాదు. దగ్గరగా చూసినవాళ్లు నవ్వుకుంటూ పెట్టిన పేరు అది. అలాంటి పేర్లంటే నాకు ఇష్టమే.

మన పెద్దలూ అలాగే పెట్టారు. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లినప్పుడు చెరువులో కడప చెట్ల మీద కూర్చున్న పక్షుల్ని చూసి పాప "పెలికాన్" అంది. మా అమ్మ "గూడబాతు" అంది. గూడంటే ఏంటి జేజీ అని అడిగితే, మా అమ్మ చెరువు కట్ట మీదే పైట బిగించి రెండు చేతులూ ముందుకు చాపి, ఒంగి, లేచి చూపించింది. చిన్నప్పుడు కాలవలోంచి మడికి నీళ్లు ఎత్తడానికి వాళ్లన్న అటు, తను ఇటు నిలబడి తాళ్లు పట్టుకుని ఊపిన బుట్ట అది. అంతలో ఒక పక్షి నీళ్లలోకి ముక్కు దించి, కింది సంచి నిండా నీళ్లూ చేపలూ ఎత్తి, నీళ్లు వంపేసింది. పాప "జేజీ, గూడ వేస్తోంది!" అని అరిచింది. ఆ పేరు ఇక పాప మరిచిపోదు.

పేరు తప్పయితే ఏమవుతుందో కూడా అదే జూలో చూశాను. ఎలుగుబంటి దగ్గర "స్లాత్ బేర్" అని ఉంది. ఒక తండ్రి తన కొడుక్కి "బద్ధకపు ఎలుగు" అని అర్థం చెప్పాడు. ఆ మాట విని చుట్టూ ఉన్న కుర్రాళ్లు "లెయ్యిరా సోమరిపోతా" అంటూ వేరుశెనక్కాయలు విసిరారు. ఆ జంతువు గోడ మూలకు పోయి ముఖం దాచుకుంది. నాకు చాలా బాధేసింది. ఎలుగుకీ బద్ధకానికీ సంబంధం లేదు. మనిషి కంటే వేగంగా పరిగెత్తుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో యూరప్ శాస్త్రజ్ఞుడొకరు పొడుగాటి గోళ్లు చూసి, దక్షిణ అమెరికాలోని స్లాత్ అనే నెమ్మది జంతువుకి చుట్టమని పొరబడి ఆ పేరు పెట్టారు. ఎలుగుకి పైదవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే పుట్టలోని చెదల్ని పీల్చి తింటుంది. ఈ రెండు ముక్కలు బోర్డు మీద ఉంటే ఆ పిల్లలు కాయలు విసరడం మాని దాని నోటివైపు చూసేవాళ్లు.

మా అమ్మ పుట్టిల్లు రాపూరు పక్కన, వెలిగొండ కింద. చిన్నప్పుడు మా తాత రాత్రిపూట టార్చి వేసి చింతచెట్టు మీద దేవాంగపిల్లిని చూపించాడు. పుల్లల్లాంటి కాళ్లు, ముఖం నిండా రెండే కళ్లు, ఎర్రగా మెరుస్తూ. పేరులో పిల్లి ఉన్నా అది కోతులకు చుట్టం. కళ్లు మందుకు పనికొస్తాయని, చేతబడికని దాన్ని పట్టి చంపే మూఢనమ్మకం ఇంకా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో రక్షణ ఇచ్చింది. బోర్డు మీద దాని ఇంగ్లీషు పేరు స్లెండర్ లోరిస్ అని రాస్తే మన ఊళ్లలో ఎవరికి తెలుస్తుంది, మన చింతచెట్టు మీదిదేనని?

అందుకని అటవీశాఖ వారికీ, జూల వారికీ నా విన్నపం. బోర్డు మీద తెలుగు పేరు అన్నిటికంటే పైన, పెద్దక్షరాల్లో రాయండి. జిల్లా జిల్లాకూ పేరు మారితే అవీ చేర్చండి. ఆ పేరు ఎలా వచ్చిందో ఒక్క వాక్యం ఉండాలి. ఇంగ్లీషు, శాస్త్రీయ నామం దాని కింద ఉంటాయి. పేర్లు సేకరించడానికి యానాదుల పెద్దల్ని, గొర్రెల కాపర్లను, పులికాట్ జాలరులను అడగండి. వాళ్లకు తెలిసినన్ని పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేవు.

ఫ్లెక్సీ మీద మాత్రం వద్దు. ఎండకు ఏడాది తిరక్కుండానే వెలిసిపోతుంది. రేకు మీద ఎనామిల్ రంగుతో రాస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మా జిల్లాలో ఎక్కడ పెట్టినా మొదటి పది బోర్డులు నేను కూలి తీసుకోకుండా రాసిస్తాను. రేకు, రంగులు కూడా నావే. పేర్లు సరిచూసి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక బోర్డుల పెయింటరు,
కావలి, నెల్లూరు జిల్లా