రహస్య లిపి ఆటలకు బడిలో చోటివ్వాలి

వర్ణమాల అంటే బెదిరిపోయే పిల్లలకు ఆ భయం పోగొట్టే రహస్య లిపి ఆటలను మన బడులు అసలు పట్టించుకోవడం లేదు. మా వీధి పిల్లలు సాయంత్రం అరుగు మీద చేరి, ప్రతి అక్షరం ముందు ‘క’ పెట్టి, ‘రాము రా’ను ‘కరాకము కరా’ అంటూ గడగడా మాట్లాడుకుంటారు. చదవమంటే నీళ్లు నమిలే మూడో తరగతి పాప ఒకతి, ‘ఫవఖ’ అని రాసిన చీటీని వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకుంటూ ఒక్కో అక్షరం వెనక్కి జరిపి ‘పలక’ అని విప్పింది. ఆ పట్టుదల ఏ హోంవర్కులోనూ కనిపించదు. రెండు వేల ఏళ్ల కిందట జూలియస్ సీజర్ కూడా ఇలాగే, మూడేసి అక్షరాలు జరిపి రహస్య లేఖలు రాశాడు. నిమ్మరసంతో రాసి ఆరబెట్టిన కాగితాన్ని పెద్దల సమక్షంలో ఇస్త్రీపెట్టెతో వేడి చేస్తే గోధుమరంగు అక్షరాలు తేలతాయి. అది సైన్స్ పాఠమే. జాతీయ విద్యా విధానం-2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10 రోజులు బ్యాగు లేకుండా గడపాలని చెప్పింది. విద్యాశాఖ ఆ రోజుల్లో ఈ ఆటలు పెట్టించాలి, ప్రాథమిక తరగతులకూ వారానికో పీరియడ్ ఇవ్వాలి. గ్రంథాలయాల వేసవి శిబిరాల్లోనూ చేర్చాలి. కాగితం, పెన్సిలు, నిమ్మకాయ తప్ప పెద్ద ఖర్చేమీ లేదు. దయచేసి వీటికి మార్కులు మాత్రం పెట్టొద్దు.