లిఫ్ట్ కిట్ గురించి రాసేటప్పుడు బ్రేకుల సంగతీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పికప్ ట్రక్కుల ఎత్తు పెంచుకోవడం గురించి మీ వాహనాల పేజీలో ఏం వచ్చినా వదలకుండా చదువుతాను. ఎన్ని అంగుళాలు పెరిగింది, ఎంత పెద్ద టైరు పట్టింది, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, అక్కడితో ఆగిపోతున్నాయి ఆ రాతలు. ఆ పని స్వయంగా చేసుకున్నవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సస్పెన్షన్ లిఫ్ట్, అంటే చక్రాలకూ బండికీ మధ్య ఉండే స్ప్రింగుల భాగాలు మార్చి బండిని పైకి లేపడం, ఓపికున్నవాళ్లు సొంతంగా చేసుకోదగ్గ పనే. కానీ బండి ఎత్తు మారగానే ఆ ఎత్తును నమ్ముకుని పనిచేసే ప్రతి భాగం లెక్కా మారిపోతుంది, వాటిలో బ్రేకులు కూడా ఉన్నాయి.

నాకు ఆ సంగతి వానలో తెలిసింది. వెనక కమాన్ పట్టీలకీ (స్ప్రింగులా పనిచేసే ఉక్కు పట్టీలు) ఇరుసుకీ మధ్య రెండు అంగుళాల బ్లాకులు, అంటే దిమ్మెలు, వేశాను, బోల్టులన్నీ చెప్పిన బిగువుకే బిగించే టార్క్ రెంచ్‌తో బిగించాను, రెండు వారాలు బండి చక్కగా నడిచింది. ఒకరోజు వెనక నిండా సామాను వేసుకుని దిగుడులో వస్తూ బ్రేకు తొక్కితే బండి ముక్కు నేలకు వంగింది, భారమంతా ముందు చక్రాల మీదే పడింది, ఆగాల్సిన చోటు దాటి చాలా దూరం పోయాక ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున్నే బండి కిందికి దూరి చూశాను. చాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, ఒక చిన్న వాల్వు, దాని నుంచి వెనక ఇరుసుకు ఒక సన్నటి కడ్డీ. సామాను ఎక్కితే చాసిస్ ఇరుసుకు దగ్గరవుతుంది, ఆ కదలికను బట్టి వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. బండి ఖాళీగా ఉంటే వెనక చక్రాలు పట్టేసి జారిపోకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. నేను వేసిన బ్లాకు చాసిస్‌ను ఇరుసు నుంచి రెండు అంగుళాలు దూరం జరిపింది కదా, ఇక సామాను వేసినా ఆ వాల్వు లెక్కలో బండి దాదాపు ఖాళీయే! పరిష్కారం చాలా చిన్నది. కడ్డీ ఇరుసు దగ్గర బిగిసే చోట, లిఫ్ట్ ఎంతో అంత ఎత్తున్న ఒక బ్రాకెట్ పెడితే చాలు. కానీ నేను కొన్న కిట్‌లో ఆ బ్రాకెట్ లేదు, దానితో వచ్చిన కాగితంలో దాని ప్రస్తావనా లేదు. అన్ని పికప్‌లకూ ఈ వాల్వు ఉండదు, చాలా కొత్తవాటిలో ఆ పని చక్రాలు పట్టేయకుండా కాచే ఏబీఎస్ కంప్యూటరే చూసుకుంటుంది. మీ బండికి ఉందో లేదో మాత్రం కిట్ కొనకముందే వంగి చూసుకోండి.

ఇక ఎంచుకోవడం దగ్గరికి వస్తే, చాలామంది ఇంచుల దగ్గర మొదలుపెడతారు. నేనైతే ముందు బండి కింద ఏది రాళ్లకు తగులుతోందో చూడమంటాను. ఎందుకంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే రెండు చక్రాలకూ శక్తి పంచే ఆ గుండ్రటి డిఫరెన్షియల్ డబ్బా చక్రాలతో పాటే ఉంటుంది, సస్పెన్షన్ ఎంత లేపినా అది ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. 265/70ఆర్17 సైజు టైరు తీసి 285/70ఆర్17 సైజుది వేస్తే వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, నేలకీ ఇరుసుకీ మధ్య జాగా 14 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి నిజంగా 103 దాటి పోతుంటుంది. బంపర్ల కోణం, చాసిస్ పొట్ట, పెద్ద టైరుకు జాగా, వీటికోసమైతే సస్పెన్షన్ లిఫ్ట్ పనికొస్తుంది. చూపుకోసమే అయితే రెండు అంగుళాలు చాలని నా అభిప్రాయం.

ముందు చక్రాలు విడివిడిగా ఆడే బండ్లలో అసలు తంటా అంతా ముందే. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) పైన పెట్టే స్పేసర్ అనే దిమ్మె అన్నిటికన్నా చవక, బిగించడం కూడా తేలిక. అయితే స్ట్రట్, చక్రాన్ని చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ మీద మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రమేమో ఆ ఆర్మ్ చివర ఉంటుంది, అందుకే పైన ఒక అంగుళం పెడితే చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాలు వస్తుంది. ఇది తెలియక రెండు అంగుళాల లిఫ్ట్ కావాలని రెండు అంగుళాల మందం స్పేసర్ పెట్టేవాళ్లున్నారు. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్పేసర్ దాన్ని ఇంకా కిందికి నెడుతుంది, అప్పుడు పై ఆర్మ్ చివరనుండే బాల్ జాయింట్ (గుండు కీలు) దాని హద్దు దాటుతుంది, చక్రానికి శక్తినిచ్చే సీవీ షాఫ్ట్ కోణం పెరిగి రబ్బరు బూట్లు, అంటే తొడుగులు, చిరుగుతాయి. డబ్బు కాస్త ఎక్కువైనా ఆ ఎత్తుకే తయారైన స్ట్రట్టూ స్ప్రింగూ తీసుకోవడం మేలు, వీలైతే పై ఆర్మ్‌లు కూడా. మూడు అంగుళాలు దాటితే ముందు డిఫరెన్షియల్‌ను కిందికి దింపే బ్రాకెట్లు, కొన్నిటికి చాసిస్ కోయడం వరకు వెళ్తుంది, అది ఇంట్లో చేసే పని కాదు.

వెనక్కి బ్లాకులా, అదనపు పట్టీయా, కొత్త పట్టీల సెట్టా? ఎప్పుడూ బరువు మోసే బండికైతే కొత్త సెట్టే వేయాలి. బ్లాకు మీద బ్లాకు ఎప్పుడూ పెట్టకూడదు. ముందు ఇరుసుకు అసలు బ్లాకే పెట్టకూడదు. ఇంకో మాట, లిఫ్ట్ వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు, తయారుచేసినవాళ్లు రాసిన హద్దు అలాగే ఉంటుంది.

పని రోజున చదునైన గట్టి నేల, చక్రాలకు అడ్డు దిమ్మెలు, చాసిస్ కింద బలమైన స్టాండ్లు తప్పనిసరి. జాకీ బండిని లేపడానికే, దాని మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టకండి. మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచుదాకా కొలిచి రాసుకోండి, టైరు మార్చినా ఈ కొలత మారదు. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రోజు రాత్రే నూనె కొట్టి ఉంచాలి. బ్రేకు కాలిపర్‌ను (డిస్కును నొక్కిపట్టే భాగాన్ని) దాని హోస్, అంటే బ్రేకు గొట్టం, మీద వేలాడదీయకుండా తాడుతో కట్టాలి. ఏబీఎస్ వైరు క్లిప్పులు ముందే ఊడదీయాలి. బాల్ జాయింట్ ఊడకపోతే మధ్యలో ఫోర్కు (రెండు పళ్ల ఉలి లాంటి పనిముట్టు) దూర్చితే రబ్బరు బూటు చిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న ఇనుము మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే వదులుతుంది. స్ట్రట్ నుంచి స్ప్రింగ్ తీయడం మాత్రం సొంతంగా చేయొద్దని బతిమాలుతున్నాను. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణం పోగలదు. బిగించి అమ్మే స్ట్రట్ కొనండి, లేదా స్ట్రట్లు ఊడదీసి వర్క్‌షాపుకు పట్టుకెళ్లి ఆ ఒక్క పనీ చేయించుకోండి.

నా రెండో తప్పు ఇక్కడే జరిగింది, ఇది ఎవరూ రాయగా నేను చూడలేదు. ఆర్మ్‌ల బోల్టులు, పట్టీల చివరి బోల్టులు బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. వాటి లోపల ఉన్నది తిరిగే బేరింగ్ కాదు, ఇనప గొట్టానికి అతుక్కున్న రబ్బరు బుష్. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుంటుంది, బండి నేల మీదికి దిగగానే మెలితిరిగి, ఇక నడిచినంత కాలం మెలితిరిగే ఉంటుంది. నా బండిలో కొన్ని నెలలకే ముందు బుష్‌లు చిరిగి, గతుకు వచ్చినప్పుడల్లా టక్ టక్ మని చప్పుడు మొదలైంది. అన్నీ చేత్తో తిప్పి వదిలి, బండిని చక్రాల మీద దింపి, అటూ ఇటూ ఊపి, అప్పుడు టార్క్ రెంచ్ తీయాలి. వెనక ఇరుసును పట్టీలకు కట్టిపెట్టే యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగిపోతాయి కాబట్టి పాతవి మళ్లీ వాడకూడదు, కొత్తవి కూడా ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెంగా బిగించాలి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి.

దింపిన రోజే వీల్ అలైన్‌మెంట్‌కి వెళ్లాలి. ముందు ఎత్తు పెరిగితే క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) తగ్గి స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం మందగిస్తుంది, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారి టైర్లు అంచుల్లో అరిగిపోతాయి. స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి బ్రేకు హోసులు లాగబడుతున్నాయేమో చూడండి. హెడ్‌లైట్లు కిందికి దించుకోండి, లేకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి. కెమెరా, రాడార్‌తో తనంతట తానే బ్రేకు వేసే బండి అయితే వాటిని మళ్లీ సరిచేయించాలి. బండి ఒరిగిపోకుండా నిలబడే గుణం చక్రాల మధ్య వెడల్పును, బరువు కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. వెడల్పు అంతే ఉంచి ఎత్తు పెంచితే ఆ అంకె తగ్గుతుంది, మలుపుల్లో ఆ తేడా డ్రైవర్‌కి తెలియాలి. బీమావాళ్లకూ రిజిస్ట్రేషన్ చూసేవాళ్లకూ మార్పు చెప్పాలా అన్నది పని చేశాక కాక, కిట్ కొనకముందే కనుక్కోవాలి.

మీ వాహనాల పేజీ రాసేవారికి నా విన్నపం ఒక్కటే. వచ్చేసారి ఎత్తు పెంచిన పికప్ ఫొటో వేసినప్పుడు, పక్కన ఆ బండి కిందనుంచి తీసిన ఫొటో కూడా ఒకటి వేయండి, వెనక బ్రేకు వాల్వు కడ్డీ ఎక్కడుందో బాణం గుర్తు పెట్టి చూపించండి.

ఇట్లు,
మీ పాఠకుడు