కబుర్లతో కోడింగ్ తెలుస్తుందా?

సంపాదకుడికి,

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు క్యాంపస్ సెలక్షన్లకని వచ్చే కొన్ని కంపెనీలు ఇరవై నిమిషాలు మాట్లాడించి ప్రోగ్రామర్లను ఎంచుకుంటున్నాయి. ‘మీ గురించి చెప్పండి’ అయ్యాక, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఈక్వల్స్ మెథడ్‌కీ జంట ఈక్వల్ గుర్తు (==)కీ తేడా ఏమిటంటారు. ఆ జవాబు బట్టీ కొట్టినవాళ్లూ గడగడా అప్పజెప్పేస్తారు.

అదే సంగతిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అడగొచ్చు. మిర్చి యార్డు లాట్లు నమోదు చేసే నూటయాభై లైన్ల ప్రోగ్రామ్ ఇవ్వండి. అందులో లాట్ నంబర్లు ఇంటీజర్ ఆబ్జెక్టులు (సంఖ్యను లోపల పెట్టుకున్న డబ్బాల్లాంటివి), పోల్చింది జంట ఈక్వల్ గుర్తుతో. 127వ లాట్ దాకా టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క సరిగ్గానే వస్తుంది. 128 కొడితే ‘లాట్ లేదు’ అంటుంది. మైనస్ 128 నుంచి 127 వరకు జావా ముందే చేసిపెట్టుకున్న ఆబ్జెక్టునే మళ్లీ ఇస్తుంది, ఆపైన మామూలుగా కొత్తది తయారుచేస్తుంది. ఆ గుర్తు చూసేది విలువను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. విలువను చూసేది ఈక్వల్స్ మెథడ్. పని తెలిసినవాళ్లు 126, 127, 128 వరసగా ఇచ్చి చూస్తారు. నిర్వచనం మాత్రమే వచ్చినవాళ్లు ప్రోగ్రామంతా తిరగరాయడానికి పూనుకుంటారు.

దీనికి 45 నిమిషాలు చాలు. మొదటి 30 నిమిషాలు అభ్యర్థి జోలికి పోకూడదు. వెనక నిలబడి చూస్తుంటే చేయి తిరిగినవాళ్లకూ వేళ్లు తడబడతాయి. ఇంటర్నెట్‌లో వెతుక్కోనివ్వాలి, ఉద్యోగంలో అందరూ చేసేదదే. మిగతా 15 నిమిషాలు ఆ కోడ్ మీదే మాట్లాడాలి. ఎవరితోనో చేయించుకున్నా అక్కడ దొరికిపోతారు. తప్పును మళ్లీ రప్పించినందుకు 3, కారణానికి 3, సవరణకు 2, వివరణకు 2 మార్కులు. పరీక్షకులిద్దరూ విడివిడిగా వేశాకే చర్చించుకోవాలి, లేకుంటే సీనియర్ వేసిందే ఖాయమవుతుంది.

మాట్లాడించడమే తప్పని కాదు. అన్నిరకాల ఉద్యోగాల మీద జరిగిన పాత అధ్యయనాలను మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం 2022లో తిరిగి లెక్కగట్టింది. ముందే రాసుకున్న ప్రశ్నలు, మార్కులతో చేసే ఇంటర్వ్యూకీ తర్వాతి పనితీరుకూ సంబంధం 0.42గా తేలింది (0 అంటే సంబంధమే లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు). పని చేయించి చూసే పరీక్షకు 0.33. నోటికొచ్చింది అడిగే ఇంటర్వ్యూకు 0.19 మాత్రమే.

వివరణ తెలుగులో చెప్పినా ఒప్పుకోవాలి. విదేశీ క్లయింట్లతో మాట్లాడే ఉద్యోగమైతే ఇంగ్లిషుకు వేరే మార్కులు పెట్టుకోండి, కోడింగ్ మార్కుల్లో కలపొద్దు. కాలేజీల ప్లేస్‌మెంట్ అధికారులు కంపెనీని పిలిచేటప్పుడే మార్కుల పద్ధతి రాతపూర్వకంగా అడగాలి. ల్యాబ్‌లో జేడీకే (జావా ప్రోగ్రామ్ రాసి నడపడానికి కావలసిన సాఫ్ట్‌వేర్), ఎడిటర్ పనిచేస్తున్నాయో లేదో ముందురోజే చూసుకోవాలి. ఆ 30 నిమిషాల్లో పది సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడానికే పోతే అభ్యర్థి చేయగలిగేదేమీ లేదు.

— ఒక ప్రోగ్రామింగ్ శిక్షకుడు, బ్రాడీపేట, గుంటూరు